తొండపిల్లకి భయం నేర్పిన అవ్వ

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. ఆ గాలివానకి ముత్తుకూరు పక్కన ఒక సరుగుడు తోపులో కొమ్మలు విరిగిపడ్డాయి. వాటి కింద ఒక పిల్లవాడికి తొండపిల్ల దొరికింది. తోకతో కలిపినా జానెడు లేదు. ముట్టుకున్నా కదలలేదు.

తోటి పిల్లలు "రక్తం పీలుస్తాదిరా" అంటూ రాళ్లు ఏరుతున్నారు. జతకట్టే కాలంలో మగ తొండ మెడ ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎవరి రక్తమూ కాదు. పిల్లవాడు దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చాడు.

నాయన రొయ్యల గుంటల కాడ కాపలా. ఇంట్లో అవ్వ ఉంది.

"చావలేదబ్బయా, చలికి బిగిసింది. పొయ్యి కాడ పెట్టబాక, ఎండొచ్చే కాడ పెట్టు" అంది.

తొండ ఒంటికి వేడి ఎండ నుంచే రావాలి. అది లేకపోతే తిన్నది కూడా అరగదు. బుట్టలో పుల్లలు నిలబెట్టి, పైన పాత వల ముక్క కట్టి, సగం ఎండలో సగం నీడలో ఉంచారు. గిన్నెలో పోసిన నీళ్ల వైపు అది చూడనే లేదు. ఆకుల మీద చిలకరిస్తే చుక్కలు నాకింది. బొరుగులు, పాలు పనికిరాలేదు. కదిలే పురుగైతేనే దాని కంటికి తిండి.

పిల్లవాడు చిన్న మిడతల్ని పట్టి వేళ్లతో అందించసాగాడు. పోను పోను చెయ్యి కనపడితే చాలు, తల ఎత్తి నోరు తెరిచేది. భుజమెక్కి కూర్చునేది. వీధి పిల్లలంతా వచ్చి చూసిపోయారు. వాడి సంతోషం ఇంతా అంతా కాదు.

ఒకరోజు పిల్లి వచ్చి బుట్ట ముందు కూర్చుంది. తొండపిల్ల బెదరలేదు. తల ఎత్తి, నోరు తెరిచి, దాని వైపే చూసింది. వల అడ్డముండబట్టి సరిపోయింది.

అవ్వ పిల్లిని తోలి వచ్చి మనవడి పక్కన కూర్చుంది. "చూశావా అబ్బయా, భయమే గదా దాని కాళ్లు. అవి నువ్వు తీసేసినావు. ఇంక చేత్తో పెట్టబాక. మొగం చూపించబాక."

వాడికి అన్నిటికన్నా కష్టమైన పని అదే. పురుగుల్ని బుట్టలో వదిలి వచ్చేసేవాడు. తొండపిల్ల వల దగ్గరికొచ్చి వాడికోసం చూసేది. వాడు గుమ్మం చాటున ఏడ్చేవాడు. మొదట్లో అది తినలేదు. ఆకలి ముదిరాక వేట మొదలుపెట్టింది. అవ్వ అటు వెళ్లినప్పుడల్లా కొంగు గట్టిగా దులిపేది. ఆ అలికిడికి అది పుల్ల వెనక్కి తిరిగి దాక్కున్న రోజున, "ఇంక పంపించొచ్చు" అంది.

ఎండ ఎక్కాక అదే తోపుకి తీసుకెళ్లి బుట్ట తెరిచారు. మీద నీడ పడగానే అది మానెక్కి అవతలి వైపుకి తిరిగిపోయింది. పిల్లవాడు పిలిచాడు. రాలేదు.

"నన్ను మరిచిపోయిందవ్వా."

"దానికే గదా ఇన్నాళ్లు సాకింది."

నీతి: అడవి ప్రాణికి ఆశ్రయమిచ్చేది దానికి మన అవసరం తీరిపోవడానికే. అది మనల్ని మరిచిపోగలిగితేనే ఆ సాకుడు పూర్తయినట్టు.

వానలో తడిసినదాన్ని ఇంటికి తెచ్చే జాలి చాలామందిలో ఉంటుంది. ఆ జాలికి నమస్కారం. కానీ కష్టమైన సగం అవ్వ చేసింది, చేయించింది. మచ్చికైన తొండని చూసి మనం మురిసిపోతాం. పిల్లి, కాకి కూడా అలాంటిదాని కోసమే చూస్తుంటాయి. అందుకే తెచ్చిన రోజే, తిరిగి వదిలిపెట్టడానికి దొరికిన చోటు గుర్తుపెట్టుకోవాలి. తోక పట్టి ఎత్తకూడదు, తెగితే బల్లికిలా దానికి మళ్లీ మొలవదు. అసలు దెబ్బ తగలనివాటికి ఇల్లే అక్కర్లేదు. వాన వెలిశాక ఎండ పడే కంచె మీద పెట్టి, పిల్లుల్ని తోలుతూ దూరంగా నిలబడితే చాలు. ఒళ్లు వేడెక్కాక దాని దారి అది చూసుకుంటుంది.