డయల్ టోన్‌ను నమ్మకు

అమ్మలూ,

నువ్వు చేసిన చీటీల యాప్‌ను మీ పెద్దమ్మ మొన్న సికింద్రాబాద్ స్టేషన్‌లో తెరిచింది. డేటా మిగులుతుందని మొబైల్ నెట్ ఆపేసి, స్టేషన్ వైఫై పట్టుకుంది. పైన వైఫై గుర్తు నిండుగా ఉంది, లోపల చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. "మన పిల్ల చేసిందేనా ఇది?" అని నన్నడిగింది. ఆ వైఫైలో నంబరిచ్చి ఓటీపీ కొట్టేదాకా నెట్ రాదు. నీ యాప్ వైఫై తగిలింది చాలనుకుంది. నీ కోడ్ చూశాలే. నీ వయసులో నేనూ ఇలాగే రాసేవాణ్ని.

మీ తాతగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసేవారు కదా. రిసీవర్ ఎత్తి డయల్ టోన్ వినిపిస్తే లైను బాగుందని మేం సంబరపడేవాళ్లం. ఆయన నవ్వేవారు. ఆ మోతకు ఎక్స్ఛేంజీ దాకా తీగ బాగుందని తెలుసు గానీ మద్రాసుకు ట్రంక్ లైను ఖాళీగా ఉందో లేదో ఏం తెలుసనేవారు.

ఆండ్రాయిడ్‌లోనూ అంతే. నువ్వు వాడిన నెట్‌వర్క్ ఇన్ఫో పద్ధతిని ఆండ్రాయిడ్ 10 నాటికే వద్దన్నారు. నెట్‌వర్క్ కేపబిలిటీస్‌ను అడుగు. అందులో 'ఇంటర్నెట్' అని ఉంటే అది నెట్ కోసం పెట్టిన దారి అని అర్థం, నెట్ వస్తోందని కాదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 'వాలిడేటెడ్' అని ఇంకో గుర్తుంది. ఫోనే ఒక చిరునామా తలుపు తట్టి, 204 అనే ఖాళీ జవాబు వస్తే వేసే ముద్ర అది. మధ్యలో లాగిన్ పేజీ అడ్డుపడితే ఆ జవాబు రాదు, ముద్రా పడదు. ముందు ఇది సరిచెయ్యి.

ముద్ర పడిందని మురిసిపోకు. ఫోన్ తట్టింది వేరే వాళ్ల తలుపు, నీ సర్వర్‌ది కాదు. పైగా నువ్వు చూసిన క్షణానికీ పంపిన క్షణానికీ మధ్య మనిషి లిఫ్టెక్కేయొచ్చు. కొందరు 8.8.8.8కి పింగ్ కొట్టి చూస్తారు. కొన్ని ఆఫీసు నెట్‌వర్కుల్లో పింగ్‌నే ఆపేస్తారు, అప్పుడు నెట్ ఉన్నా లేదంటావు. కాబట్టి ఉందా లేదా అని వాకబు చేస్తూ కూర్చోకుండా పని మొదలుపెట్టు. టైమ్‌అవుట్ పెట్టుకో. తప్పితే 1, 2, 4, 8 సెకన్లు ఆగుతూ మళ్లీ ప్రయత్నించు. ఆ ఆగడంలోనూ ఒక్కో ఫోన్‌కు కాస్త తేడా ఉండాలి, లేకపోతే సర్వర్ కోలుకోగానే అందరూ ఒకేసారి మీద పడతారు.

అసలు గొడవ ఆ తర్వాత జరిగింది. వైఫై తీసేసి, మొబైల్ నెట్‌లో పెద్దమ్మ ఒక పద్దు రాసి నొక్కింది. రైలు కదిలింది, జవాబు రాలేదు. ఇంకోసారి నొక్కింది. పక్కింటావిడ చీటీ 5,000 రెండుసార్లు ఎక్కింది! జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు తల్లీ. కబురు చేరి ఉండొచ్చు, తిరుగు కబురే దారిలో పోయి ఉండొచ్చు. అందుకే ప్రతి పద్దుకూ ఫోన్‌లోనే ఒక నంబరు పుట్టించు, ఎన్నిసార్లు పంపినా అదే నంబరుతో పంపు. చూసిన నంబరే మళ్లీ వస్తే సర్వర్ కొత్త పద్దు రాయకుండా పాత జవాబే ఇవ్వాలి.

ఇంకా మంచిది, ముందు ఫోన్‌లో రాసుకో. మీ పెద్దమ్మ ఇన్నేళ్లూ నోటు పుస్తకంలో అలాగే రాసుకుంది, దానికి నెట్ అడగలేదు. పంపే పని ఆండ్రాయిడ్ వర్క్ మేనేజర్‌కు, నెట్ ఉన్నప్పుడే అన్న షరతుతో అప్పగిస్తే దారి దొరికినప్పుడు అదే పంపుతుంది. తెర మీద ఆ ఎర్రటి 'మీకు ఇంటర్నెట్ లేదు' తీసెయ్. నీ సర్వర్ పడుకున్నా ఆవిడనే తప్పు పడుతోంది. 'రాసుకున్నాను, ఇంకా పంపలేదు' అంటే చాలు.

ఆదివారం ఇంటికి రా. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశానని చెప్పకు, అది మరీ సులువు. మా సెల్లార్‌లో సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది. పెద్దమ్మను అక్కడ నిలబెట్టి పద్దు రాయిద్దాం.

మీ పెదనాన్న