వినే మనిషి చేతిలో ఏముండకూడదు?

ఫిల్మ్‌నగర్‌లో సినిమా మొదలైతే ఒక ఆఫీసు తెరుచుకుంటుంది, గుమ్మడికాయ కొట్టాక మూతపడుతుంది. అందులో పనిచేసినవాళ్లు మళ్లీ ఫోను కోసం ఎదురుచూడాల్సిందే. అసిస్టెంట్ డైరెక్టరైనా, లైట్‌మనైనా, జూనియర్ ఆర్టిస్టైనా, పనున్న రోజు నిద్ర ఉండదు, పని లేని రోజు నిద్ర పట్టదు.

ఈ మనుషులకు చాలాకాలం ఒక గుమ్మం ఉండేది. 150కి పైగా సినిమాలు తీసిన దాసరి నారాయణరావు దగ్గరికి పారితోషికం అందలేదని ఒకరు, వేషాల్లేవని ఇంకొకరు వెళ్లేవారు. వెళ్లిన ప్రతివాడి కష్టమూ తీరిందని కాదు. గురువుగారు ఉన్నారు, చెప్పుకోవచ్చు అన్న ధీమా ఉండేది. 2017 మే 30న ఆయన కన్నుమూశాక ఆ చోటు ఎవరిదన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. 2022 జనవరిలో చిరంజీవి తేల్చి చెప్పారు: పెద్దరికం నాకొద్దు, ఇద్దరి మధ్య పంచాయతీలకు రాను, అవసరంలో ఉన్నవాళ్లకు మాత్రం అండగా ఉంటాను అని.

ఆ అండ ఎలాంటిదో 2020లోనే పరిశ్రమ చూసింది. షూటింగులు ఆగినప్పుడు ఆయన నేతృత్వంలో కరోనా క్రైసిస్ ఛారిటీ ఏర్పడి, సినీ కార్మికుల ఇళ్లకు నిత్యావసరాలు చేర్చింది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ ఉద్యోగ ఒత్తిడిపై 1981లో రాసిన పుస్తకంలో తోడ్పాటును నాలుగు రకాలుగా చూశారు: ఆత్మీయత, చేతిసాయం, సమాచారం, మన పని ఎలా ఉందో చెప్పే మాట. బియ్యం బస్తా రెండో రకం. అయినా దాన్ని గుమ్మంలో దించుకున్న ఇంటికి, తమనెవరో గుర్తుపెట్టుకున్నారన్న మొదటి రకం కూడా కొంత అందే ఉంటుంది.

అలాగని ఓదార్పు కూలీకి బదులు కాదు. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు కోరుతూ సినీ కార్మికుల ఫెడరేషన్ సభ్యులు 18 రోజులు షూటింగులు ఆపారు. మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. భుజం తట్టినంత మాత్రాన ఇంటద్దె కట్టలేరు కదా!

కూలీ పెరిగినా తీరని చిక్కు ఒకటుంది. సెట్‌లో పక్కనున్నవాడే రేపటి సినిమాకు పిలిచేవాడు. అలసిపోయానని కో-డైరెక్టర్‌తో అంటే, తర్వాతి జాబితాలో పేరుంటుందో లేదో తెలియదు. అందుకే నవ్వుతూ తిరుగుతారు. మేనేజరు నుంచి డైరెక్టరు దాకా ఆ నవ్వే చూస్తారు.

ఇరవై నాలుగు క్రాఫ్టులున్న చోట దీనికో వెసులుబాటూ ఉంది. కృష్ణానగర్ గదుల్లో కెమెరా అసిస్టెంటు, ఎడిటింగ్ కుర్రాడు, రచయిత కావాలనుకుంటున్నవాడు ఒకే అద్దెను పంచుకుంటారు. సెట్‌లో తిన్న తిట్లు రాత్రి అక్కడ బయటికొస్తాయి. వినేవాడికీ పని తెలుసు కాబట్టి సంజాయిషీ అక్కర్లేదు. పైగా చెప్పినవాడి తర్వాతి సినిమా అతని చేతిలో లేదు.