బిరడా తీసిన పడవ

పడవను మోసేది నీళ్ళు. నడిచేటప్పుడు ఇంజన్ వేడిని లాక్కుని దాన్ని కాపాడేదీ నీళ్ళే. పడవకి తుప్పు, బూజు పట్టించేదీ, నేల కింద చేరి కుళ్ళబెట్టేదీ, చలికాలం వస్తే ఇంజన్ ఇనప దిమ్మని నిలువునా చీల్చేదీ కూడా ఆ నీళ్ళే. అందుకే స్కీ బోటు శుభ్రం అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది మెరుపు కాదు. నీళ్ళని ఉండాల్సిన చోట ఉండనిచ్చి, పని కాగానే మర్యాదగా సాగనంపడం. ఈ ఒక్క పనినే ఏడాది పొడుగునా రకరకాలుగా చెయ్యాల్సి వస్తుంది. చేసుకుంటూ పోయేకొద్దీ ఇది ఒక్క పడవకి సంబంధించిన విషయంలా అనిపించడం మానేసింది.

మేముండేది అమెరికాలోని మిన్నెసోటాలో. పదెకరాలు, అంతకు మించిన సరస్సులే ఈ రాష్ట్రంలో 11,842 ఉన్నాయి. కారు పక్కన ట్రైలర్ మీద బోటు ఉండడం ఇక్కడ వింతేమీ కాదు. నీటి మీద స్కీయింగ్ పుట్టిందీ ఇక్కడే. 1922 వేసవిలో, లేక్ సిటీ అనే ఊళ్ళో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రవాడు మంచు మీద జారినట్టే నీళ్ళ మీదా జారవచ్చు కదా అనుకున్నాడు. ఎనిమిదడుగుల చెక్కలు రెండు తీసుకుని, వాటి కొసల్ని వాళ్ళమ్మ రాగి కాగులో వేడినీళ్ళతో మెత్తబరిచి పైకి వంచాడు. తోలు పట్టీలతో కాళ్ళకి తగిలించుకున్నాడు. పెపిన్ సరస్సులో ఎన్నోసార్లు మునిగాక, వెనక్కి వాలి చెక్కల కొసలు నీటి పైన ఉంచితేనే లేవగలమని తెలుసుకున్నాడు. జులై 2న, పంతొమ్మిదో పుట్టినరోజుకి ముందురోజు, పడవ వెనక తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఇది ఎప్పుడు చదివినా నా ధ్యాస ఆ రాగి కాగు మీదికే పోతుంది. నీళ్ళ మీద నిలబడేది కాసేపు, దాని వెనక ఉండే చాకిరీ చాలాసేపు. మొదటినుంచీ ఈ ఆట తీరు అంతే.

మాది తొంభైల్లో తయారైన పాత స్కీ బోటు. మా పక్కవీధిలో ఉండే ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. ఇంజన్ సరిగ్గా పడవ మధ్యలో ఉంటుంది. దాని మీద మూసే పెట్టెని ఇక్కడివాళ్ళు డాగ్‌హౌస్ అంటారు. స్కీ చేసేవాళ్ళకి పడవ వెనక లేచే అల ఎంత చిన్నదైతే అంత హాయి, ఎందుకంటే ఆ అలని అడ్డంగా కోసుకుంటూ అటూ ఇటూ పోవాలి. అందుకని ఈ పడవల్ని తేలిగ్గా, అడుగు చదునుగా కడతారు. అయితే పాతవాటిలో చాలావాటికి నేల కింద చెక్క దూలాలు, వాటి మధ్య నింపిన ఫోమ్ ఉండేవి. ఏదో ఒక స్క్రూ కన్నంలోంచి దిగిన తడి ఆ ఫోమ్‌లో చేరిందంటే ఇక బయటికి రాదు. పైన పడవ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల చెక్క మెత్తబడుతుంది, ఏటికేడాది బరువు పెరుగుతుంది. కంటికి కనబడకముందే స్కీ మీదున్నవాళ్ళ మోకాళ్ళకి తెలుస్తుంది, అల పెద్దదయిందని. పడవ అమ్మేటప్పుడు ఆ పెద్దాయన మాకు పాలిష్ చూపించలేదు. డాగ్‌హౌస్ పక్కన నేలలో ఒక స్క్రూ విప్పి, ఆ కన్నంలోకి సన్నటి పుల్ల దించి, పైకి తీసి నా చేతిలో పెట్టాడు. పొడిగా ఉంది. బేరం అక్కడే కుదిరింది.

ఆయన దగ్గరే నేర్చుకున్నాను, పడవ ట్రైలర్ మీదికి ఎక్కీ ఎక్కకముందే ఒళ్ళు తుడవాలని. ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ. ఎండకి నీటిచుక్క ఆవిరైపోతుంది గానీ అందులోని సున్నం ఎక్కడికీ పోదు, గుండ్రటి తెల్లమచ్చై కూచుంటుంది. తడిగా ఉన్నప్పుడు తువ్వాలుతో ఒక్క తుడుపుకి పోయేది, వారం ఆగితే వెనిగర్ కలిపిన నీళ్ళకి గానీ పోదు. సీజన్ దాటిందంటే ఆమ్లం ఉన్న క్లీనర్ పట్టించాలి. అది మచ్చతో పాటు పైనున్న మైనాన్నీ తీసేస్తుంది. మైనం పోయినచోట ఎండ నేరుగా పడవ పైపూత అయిన జెల్‌కోట్‌కి తగిలి రంగు వెలిసిపోతుంది, చెయ్యి పెడితే తెల్లపొడి అంటుకుంటుంది. మా అమ్మాయికి చిన్నప్పుడు ఈ తుడవడమంటే మహా విసుగు.

"రేపు మళ్ళీ తడిసేదే కదమ్మా, ఇప్పుడెందుకు?" అనేది.

"రేపటి సంగతి రేపు చూద్దాం, ఇవాళ్టిది తుడువు తల్లీ" అనేదాన్ని.

ఇంటికొచ్చాక సీట్ల మెత్తలన్నీ లేపి నిలబెట్టాలి. లైఫ్ జాకెట్లు, తాళ్ళు, తువ్వాళ్ళు తడిగా ఉండగా అరల్లో పడేసి మూత వేస్తే వినైల్ కుట్లలో నల్లటి బూజు మొలుస్తుంది. కుట్లలో ఒకసారి పాకిన బూజుని బ్లీచ్‌తో తీయాలని చూస్తే దారమే చివికిపోతుంది. గాలి తగలనివ్వడానికి పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలంతే.

తామరాకు మీద నీటిబొట్టులా ఉండమని మనవాళ్ళు చెబుతారు. చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన మాటే. కానీ తామరాకుకి అది పుట్టుకతో వచ్చింది. నీటిని జార్చేసే మైనం దాని మీద దానంతటదే ఊరుతుంది. పడవకి అలా ఊరదు. ఎవరో ఒకరు కూచుని, గుడ్డతో పుయ్యాలి, ఆరాక రుద్దాలి, అరిగితే మళ్ళీ పుయ్యాలి. మనుషుల్లో తామరాకులు ఉంటారేమో గానీ నేను మాత్రం పడవ జాతిదాన్ని. నాకు అన్నీ అంటుతాయి. ఎవరో అన్న మాట, ఆఫీసులో పడ్డ చికాకు, ఊరినుంచి వచ్చిన ఫోను. అంటకుండా ఉండడం నా స్వభావం కాదు కాబట్టి, అంటినప్పుడల్లా తుడుచుకోవడమే నాకున్న దారి. పోనీ నీళ్ళంటే భయపడి పడవని షెడ్డులోనే ఉంచేస్తే బాగుంటుందా అంటే అదీ లేదు. వాడని పడవలో రబ్బరు గట్టిపడుతుంది, ట్యాంకులో పెట్రోలు చెడి జిగురవుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. తడవక తప్పదు, తుడవకా తప్పదు.

రేవు దగ్గర ఇంకో పని ఉంది. పడవని నీళ్ళలోంచి లాగగానే అడుగునున్న బిరడా తీసెయ్యాలి. మిన్నెసోటాలో ఇది చట్టం: బిరడా పెట్టుకుని పడవని రోడ్డెక్కించకూడదు, ట్రైలర్‌కి ఒక్క నాచుపోగు కూడా వేళ్ళాడకూడదు. ఏ సరస్సు నీళ్ళు ఆ సరస్సు దగ్గరే వదిలెయ్యాలి. దీనికి కారణం వేలిగోరంత ఉండే చారల ఆల్చిప్ప, జీబ్రా మసెల్. యూరప్‌నుంచి వచ్చే ఓడల్లో బరువు కోసం నింపిన నీళ్ళతో పాటు అమెరికా మహాసరస్సుల్లోకి దిగింది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో దాన్ని గుర్తించారు, మరుసటి ఏడాదికి మిన్నెసోటాలోని డులూత్ రేవులో కనబడింది. 2010లో మిన్నెటోంకా సరస్సుకీ చేరింది. దాని పిల్లలు కంటికి కనబడవు. పడవ అడుగున మిగిలిన దోసెడు నీళ్ళలో ఎన్ని ఉన్నాయో చూసి చెప్పలేం. కొల్లేరునీ మన కాలవల్నీ కప్పేసిన గుర్రపుడెక్క కూడా ఎక్కడో దక్షిణ అమెరికాది. పూలు బాగున్నాయని మనుషులే దేశదేశాలకీ మోశారు. ఇక్కడ పూల ముచ్చట కూడా లేదు, ఒక బిరడా తీయకపోతే చాలు.

ఈ ఆల్చిప్పల సంగతి తెలిశాక శుభ్రం గురించి నాకున్న అభిప్రాయమే మారింది. ఒక్కొక్కటీ రోజుకి లీటరు దాకా నీటిని వడగడుతుంది. అవి నిండిన సరస్సు అద్దంలా తేటపడుతుంది. చూసినవాళ్ళు ఎంత శుభ్రంగా ఉందో అనుకుంటారు. కానీ వడపోతలో పోయింది మురికి కాదు, చేపపిల్లలు తినాల్సిన సన్నటి నాచూ జీవాలూ. తేటనీటిలో ఎండ లోతుకి దిగి అడుగున కలుపు పెరుగుతుంది. గట్టున అడుగుపెడితే పెంకులు అరికాళ్ళని కోస్తాయి. తేటగా ఉన్నదల్లా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదని అంతకుముందు ఎవరైనా చెబితే మాటవరసకి తలూపేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నా పాదాలు స్పష్టంగా కనబడుతుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇంజన్ కింద పడవ అడుగున పల్లంగా ఉండే చోటుని బిల్జ్ అంటారు. ఎవరూ చూడని చోటు అది. నేను సీట్లకన్నా ముందు దాన్ని తుడుస్తాను. అది తెల్లగా ఉంటే ఒక్క ఆయిల్ చుక్క పడినా వెంటనే కనిపిస్తుంది. జిడ్డు పేరుకున్నచోట కొత్త లీకు కూడా పాతదాంట్లో కలిసిపోతుంది. పైగా పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, వచ్చి అక్కడే చేరుతుంది. అందుకే తాళం తిప్పేముందు డాగ్‌హౌస్ మూత ఎత్తి వాసన చూసి, నాలుగు నిమిషాలు ఆ ఆవిరిని బయటికి తోలే బ్లోయర్ తిప్పుతాం. పిల్లలు తాడు పట్టుకుని నీళ్ళలో వణుకుతూ ఎదురు చూస్తున్నా సరే.

ఆ బిల్జ్‌లోనే నాకు చాలా ఇష్టమైన భాగం ఒకటుంది. ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ పడవ అడుగుని చీల్చుకుని బయటికి పోయే చోట, నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ మైనం పట్టించిన తాడు చుట్టి ఇత్తడి నట్టుతో బిగిస్తారు. పాకింగ్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు అందులోంచి చుక్కలు పడుతున్నాయని కంగారుగా పానా అందుకోబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కడ్డీ తిరుగుతున్నప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలట. ఆ చుక్కలే పాకింగ్‌ని చల్లగా ఉంచుతాయి. చుక్క కూడా రాకుండా బిగించామా, అది వేడెక్కి మాడి కడ్డీనే అరగదీస్తుంది. పడవ ఆగాక మాత్రం చుక్క పడకూడదు, పడినా ఎప్పుడో ఒకటి. బయటి నీటిని పూర్తిగా బయటే ఉంచగలమన్న నా పట్టుదల ఆ ఇత్తడి నట్టు దగ్గర సడలింది. ఎంత రానివ్వాలో తెలియడం కూడా పోషణలో భాగమే. పిల్లలు పెద్దవాళ్ళవుతున్న ఇంట్లో ఈ సంగతి రోజూ పనికొస్తోంది.

కాకినాడనుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఇదంతా చూసి, "ఆటకోసం ఇంత చాకిరీయా?" అంది. తప్పుపట్టి అన్న మాట కాదు. మా ఊరి దగ్గర పడవ అంటే అన్నం. ఏప్రిల్ 15నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు సముద్రంలో వేట ఆపితే, ఆ రోజుల్లోనే పడవలు గట్టెక్కించి, గీకి, అతుకులేసి, రంగులేస్తారు, వలలు అల్లుకుంటారు. వాళ్ళ పనిని నా పనితో పోల్చే ధైర్యం నాకు లేదు. అయినా అమ్మ ప్రశ్నకి నా జవాబు నాకుంది. పడవ మాది, సరస్సు మాది కాదు. తాడు కొసని ఉన్నది ఎవరి పిల్లలైనా ప్రాణం ప్రాణమే. ఆట అయినంత మాత్రాన ఈ రెండూ తేలికైపోవు.

ఇక్కడ పడవలకి విరామం ఇచ్చేది మంచు. అది పడకముందే, అక్టోబర్‌లో, పడవని శీతాకాలానికి సిద్ధం చెయ్యాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇనప దిమ్మ కూడా దానికి ఆగదు. ఆయిల్ అప్పుడే మార్చాలి, వాడిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలూ తేమా చలికాలమంతా బేరింగులని తింటూ కూచోకుండా. ఆ తర్వాత అసలు పని. ఇంజన్ దిమ్మకి రెండువైపులా ఇత్తడి బిరడాలుంటాయి. బోర్లా పడుకుని, చెయ్యి వెనక్కి దూర్చి, కనబడని బిరడాని పానాతో విప్పాలి. విప్పితే ఒక్కోసారి ఏమీ రాదు. కొత్తవాళ్ళు ఖాళీ అనుకుని లేచిపోతారు. అప్పుడే సన్నటి తీగ తీసుకుని ఆ కన్నంలోకి పొడవాలి. తీగకి ఇసకా తుప్పూ గరుకుగా తగులుతాయి. ఇంకాస్త నెడితే పెచ్చు ఊడి, ఎర్రటి నీళ్ళు ఒక్కసారిగా మోచేతి దాకా చిమ్ముతాయి. లోపల అంత నీరుండి కూడా రాలేదు, అడ్డం పడింది కాబట్టి. ఎప్పుడో జరిగిన ఒక మాటపట్టింపు ఏనాడో పోయిందని నేనూ అనుకుంటూ ఉంటాను, పైకి ఏమీ రావడం లేదు కదా అని. తీగ పెట్టి చూసేదాకా అది పోయిందో లేదో చెప్పలేనని ఇప్పుడు నాకు తెలుసు. మామూలుగా ఆ తీగ పట్టుకునేది మా అమ్మాయి ఫోన్‌లో అడిగే ఏదో ఒక ప్రశ్న.

ఇంజన్‌కి నీళ్ళు తోడే పంపులోని రబ్బరు చక్రాన్ని, ఇంపెల్లర్‌ని, కూడా అప్పుడే తీసేస్తాం. లేకపోతే ఆరు నెలలు ఒకే వైపు వంగి ఉండి దాని రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి. తీశాక రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే అది గొట్టాల్లో ఎక్కడో అడ్డం పడి ఉందన్నమాట. అది దొరికేదాకా ఒక్కో గొట్టం విప్పుకుంటూ పోవాల్సిందే.

ఈసారి వాటితో పాటు పాకింగ్ తాడు కూడా మార్చాలి. చుక్కలు ఎక్కువయ్యాయి, నట్టు బిగించడానికి ఇంక మర మిగల్లేదు. పాత తాడుని కొక్కెంతో ఒక్కో చుట్టూ బయటికి లాగి, కొత్తది అతుకులన్నీ ఒకేచోట పడకుండా చుట్టాలి. సెలవులకి వచ్చినప్పుడు తనే చేస్తానని మా అమ్మాయి అంటోంది. ఎంత బిగించాలో మాత్రం వసంతంలో నీళ్ళలో దించాక, ఇంజన్ నడుస్తుండగా, టార్చి వేసుకుని చుక్కలు లెక్కపెట్టుకుంటూ చూసుకోవాలి.