అంధపంగు న్యాయమున కందనివారు

సాంఖ్యదర్శనమున సుప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. అడవిలో చిక్కువడిన ఇరువురిలో ఒకడు గ్రుడ్డివాడు, రెండవవాడు కుంటివాడు. (ఈ మాటలు నేటి చెవికి కటువుగా తోచును, కథలోనివి గనుక అట్లే ఉంచవలసి వచ్చినది.) నడువగలవానికి త్రోవ కానరాదు, త్రోవ కనగలవానికి నడక లేదు. కుంటివాడు గ్రుడ్డివాని భుజముల నెక్కి దారి చెప్పగా ఇరువురును ఇల్లు చేరుదురు. పురుషుడు చైతన్యరూపుడయ్యును నిష్క్రియుడు. ప్రకృతి క్రియాశీల యయ్యును అచేతన. ఈ రెండింటి కూడికవలన సృష్టి జరుగుచున్నదని చెప్పుటకు ఈశ్వరకృష్ణుడు తన కారికలలో ఈ ఉపమానమును సూచింపగా, వ్యాఖ్యాతలు దానిని కథగా పెంచిరి. పిదప అది శాస్త్రమును దాటి లోకములోనికి వచ్చి పరస్పర సహాయమునకు మారుపేరైనది.

కథ చక్కనిదే. కాని దానిలో ఒక ఊహ దాగియున్నది. ఒకనికి లేనిది రెండవవానికి కలదు, కావుననే ఇద్దరును కలసి ఒక పూర్ణ మగుచున్నారు. ఆ రెండు లోపములును ఒకే దేహమున నున్నచో? చూపును నడకయు రెండును లేనివాడు ఎవని భుజమెక్కును, ఎవనికి దారి చెప్పును? అంధపంగు న్యాయమున అట్టివానికి చోటు లేదు.

ఇది తర్కవినోదము కొరకు కల్పించిన ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున వైకల్యము గలవారు 2.68 కోట్లు. వారిలో 21 లక్షలకు పైబడినవారు ఒకటికంటె ఎక్కువ వైకల్యములు గలవారు. అంతకు ముందటి 2001 లెక్కలలో ఇట్టివారికి ప్రత్యేకమైన గడియే లేదు. ఒకరికి రెండు మూడు వైకల్యము లున్నను ఒక్కటి మాత్రమే వ్రాయవలెనని నియమము. ఏది వ్రాయవలెనో ఇంటివారు చెప్పవలెను. చూపు లేక, మాట రాక, కాలు కదలక యున్న బిడ్డను గూర్చి గుమ్మమున నిలిచిన గణకుడు ప్రశ్నించినపుడు తల్లి ఏదో ఒకదానిని ఎన్నుకొనవలసినదే. తక్కిన రెండును దేశపు లెక్కకు ఎక్కవు. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను పేర్కొన్నది. బహుళ వైకల్యము వానిలో లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున దానికి పేరు దక్కినది. 2016 నాటి చట్టము పేర్కొన్న ఇరువదియొకటిలో, అంధత్వమును బధిరత్వమును ఒక్కచో నుండు స్థితితో సహా, దానికి చోటు లభించినది.

చట్టమున చోటు లభించుట వేరు, ఊరిలో లభించుట వేరు. జమ్‌షెడ్‌పూరు సంగతి చూడుడు. 1907లో ఏర్పడిన ఉక్కు కంపెనీ సాక్చి అను పల్లెయొద్ద కర్మాగారమును కట్టినది. 1919లో ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వెళ్లిన తెలుగు కుటుంబములు అక్కడ తరతరములుగా నున్నవి. సేవాసంస్థలకు కొరతపడిన ఊరు కాదది. కంపెనీవారి టాటా మెయిన్ హాస్పిటలు, ప్రభుత్వమువారి మహాత్మాగాంధీ స్మారక వైద్యకళాశాల, బుద్ధిమాంద్యము గల పిల్లలకొరకు స్కూల్ ఆఫ్ హోప్, సుందర్‌నగర్‌లో చెషైర్ హోమ్ ఉన్నవి. ఈ చెషైర్ ఆశ్రమములకు మూలపురుషుడైన లియోనార్డ్ చెషైర్, నాగసాకిపై అణుబాంబు పడుటను విమానమునుండి కన్నులార చూచిన ఆంగ్ల వైమానికుడు. 1948లో మరణాసన్నుడైన యొక రోగిని ఇంటికి తెచ్చుకొని శుశ్రూష చేయుటతో ఆయన జీవితమార్గము మారినది. ఇటీవల 2017లో టాటావారు నోవాముండి గనుల ఊరిలో, బెంగుళూరునకు చెందిన ఎనేబుల్ ఇండియా సంస్థతో కలసి, వైకల్యము గలవారికి సబల్ అను శిక్షణ కేంద్రమును నెలకొల్పిరి.

ఇన్ని యున్న ఇట్టి నగరమున ఒక బిడ్డను ఊహింపుడు. సెరిబ్రల్ పాల్సీ అను మస్తిష్క పక్షవాతముచే కాలుసేతులు బిగిసినవి, చూపు మందగించినది, అప్పుడప్పుడు మూర్ఛలు వచ్చును. మూర్ఛకు మందిచ్చు వైద్యుడు తన పని చక్కగా చేసెను. ఆ మందువలన బిడ్డ జోగుచుండు వేళయే ఫిజియోథెరపీకి పిలిచిన వేళ. ఫిజియోథెరపిస్టు కాళ్ల బిగువును సవరించి కూర్చుండు తీరు నేర్పెను. ఆ తీరులో తల వెనుకకు వాలి అన్నము మ్రింగుట కష్టమైనది. బడిలో ఉపాధ్యాయిని బొమ్మల అట్టలు చూపి మాటలు నేర్పుచున్నది; ఆ బొమ్మలు ఆ కంటికి ఆనునంత పెద్దవి కావు. ఎంత పెద్దవి కావలెనో కంటివైద్యుని చీటీలో నున్నది, చీటీ బడికి చేరలేదు. ఇంట తెలుగు, బడిలో హిందీ. మాటకై తడుముకొను బిడ్డకు అదియు నొక గోడయే. ఇల్లు ఖర్కాయి నదికి ఆవల ఆదిత్యపూరులో నున్నచో జిల్లాయే మారును, కచేరీయును మారును.

వీరిలో ఒక్కరును అధర్మము చేయలేదు. ఎవరి వంతు వారు నెరవేర్చిరి. వంతులన్నియు నెరవేరినవి, బిడ్డ మాత్రము ఉన్నచోటనే యున్నది. నీతిశాస్త్రమునకు ఇది చిక్కైన సమస్య. దోషియున్న చోట దోషమును చూపవచ్చును. దోషి లేని దోషమును ఎవరికి చూపుట? "నా పని ఇంతవరకే" అను మాట అలసత్వముగా వచ్చినచో సులభముగా గుర్తింపబడును. స్వధర్మనిష్ఠ వేషమున వచ్చినపుడు మాత్రము పలికినవాడే దానిని గుర్తింపలేడు.

లోపములు రెండైనపుడు కష్టము రెండింతలగునని తలచుటయు పొరపాటే. చూపు లేనివానికి చెవి కన్నగును. వినికిడి లేనివానికి కన్ను చెవియగును. రెండును లేనివానికి ఆ మారుదారులు రెండును మూసికొనిపోవును. అది రెండు వైకల్యముల మొత్తము కాదు, వేరొక స్థితి. అందులకే అంధులకు చెప్పు పద్ధతియు, బధిరులకు చెప్పు పద్ధతియు విడివిడిగా అచట పనిచేయవు. హెలెన్ కెల్లర్ పందొమ్మిది నెలల పసికందుగా రెండింటిని కోల్పోయినది. ఆమె తండ్రి, బధిరుల విద్యయందు ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను ఆశ్రయింపగా, ఆయన బోస్టనులోని పెర్కిన్స్ అంధవిద్యాలయమునకు దారి చూపెను. ఆ విద్యాలయముననే, చూపును వినికిడియు లేని లారా బ్రిడ్జిమన్ వలన, ఆన్ సలివాన్ వ్రేళ్లతో అక్షరములు తెలుపు భాషను నేర్చియుండెను. బధిరుల పద్ధతి అంధుల బడిలో దొరకినదన్నమాట. 1887 మార్చిలో సలివాన్ అలబామాలోని కెల్లర్ వారింటికి వచ్చి అచటనే నివసించినది. బెల్ తన శాస్త్రము చాలదని ఊరకుండలేదు, చాలునని బిడ్డను పట్టుకొని కూర్చుండనులేదు. హెలెన్ 1955లో భారతదేశమునకు వచ్చినపుడు ఆమెను చూచినవారు ఒక వ్యక్తిని చూచిరి. ఆమె వెనుక ఎన్ని చేతులున్నవో కంటికి కానరాదు.

మరల అంధపంగు దృష్టాంతమునకు వత్తము. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము రెండవ పాదమున శంకరులు దీనినే పరీక్షించి ఒక ఆక్షేపణ చేసిరి. కుంటివాడు నడువలేకున్నను మాటలచే గ్రుడ్డివానిని నడిపించుచున్నాడు. నిష్క్రియుడైన పురుషుడు దేనిచే ప్రకృతిని నడిపించును? చెంతనుండుట చేతనే యన్నచో, ఆ సన్నిధి నిత్యము గనుక ప్రవృత్తియు నిత్యము కావలసి వచ్చును. శంకరుల ప్రయోజనము వేరైనను ఆ ఆక్షేపణ ఇచట సరిగా తగులును. ఆసుపత్రి, బడి, ఆశ్రమము, కచేరి ఒకే నగరమున చెంతచెంత నుండుట సన్నిధి. సన్నిధియే చాలినచో జమ్‌షెడ్‌పూరులో ఏ తల్లియు దస్త్రముల సంచి మోసికొని తిరుగనక్కరలేదు. లేనిది మాట. ఒకరి మాట రెండవవారికి చేర్చు పని నేడు తల్లిదే. వైద్యుడు చెప్పినది బడిలో, బడిలో చెప్పినది ఆసుపత్రిలో, తనకు పూర్తిగా రాని భాషలో ఆమెయే చెప్పవలెను. సంస్థలనెడు అవయవములకు ఆమె యొక్కతెయే నాడి.

అందరును అన్నియు చేయుట సాధ్యమా యని పనివారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఉదయమునుండి సాయంకాలమువరకు పిల్లల కాలుసేతులు సవరించువానిని కంటివైద్యము గూర్చి అడుగుట అన్యాయము. పని పంచుకొనవలసినదే. కాని బాధ్యత పంచుకొన్నచో సగమగునది కాదు. బిడ్డయెడ తండ్రికి సగము ధర్మము, తల్లికి సగము ధర్మము అని యెవరును అనరు; ఇద్దరికిని సంపూర్ణముగా కలదు. పదిమంది కలిసినచో పదిమందికిని సంపూర్ణముగా నుండును. ఆచరణలో దీని రూపము చాల చిన్నది: కాగితము మూయుటకు ముందు "తక్కినవారేమనిరి?" అని తానే అడుగుట, అవసరమైనచో తానే ఫోను చేయుట, ఆ మాటను తల్లి తెచ్చువరకు వేచియుండకుండుట. వీరందరిలో ఒకరు ఆ బిడ్డకు పేరు చెప్పదగిన మనిషిగా నిలుచుట మరియు మేలు.

తల్లిదండ్రులను రాత్రివేళ నిద్రపోనీయని ప్రశ్న వేరొకటి కలదు: మా తరువాత ఎవరు? 1999 చట్టము దానికొక సమాధానమును ప్రయత్నించినది. ప్రతి జిల్లాలోను ఒక స్థానిక సంఘము ఏర్పడవలెను. జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తక్కువకాని ప్రభుత్వాధికారి యొకరు, రిజిష్టరైన సంస్థ ప్రతినిధి యొకరు, వైకల్యము గలవారు ఒకరు అందు సభ్యులు. పదునెనిమిదేండ్లు దాటినవారికి సంరక్షకుని నియమించు అధికారము ఆ సంఘమునకు కలదు. ప్రభుత్వమును, సేవాసంస్థను, అనుభవించువానిని ఒకే బల్ల చుట్టు కూర్చుండబెట్టిన ఏర్పాటు గనుక ఇది మెచ్చదగినది. ఐనను ఆ బల్లయొద్ద సంతకములు జరుగు వేళ కాగితమునకు ఎక్కని జ్ఞానము కొంత మిగిలియుండును. బిడ్డ మొగము కుడివైపునకు త్రిప్పినచో చాలునని అర్థము. బొటనవ్రేలిని ముడుచుకొన్నచో మూర్ఛ రానున్నదని అర్థము. ఆకలికి ఒక మూలుగు, నొప్పికి మరియొకటి. ఇరువదియేండ్లలో తల్లి కూర్చుకొన్న నిఘంటువది, దానిలోని అర్థములన్నియు తెలుగుననే యున్నవి. దానిని ఆమె యుండగనే ఎవరు కూర్చుండి వ్రాసికొందురో, రేపు ఆ బిడ్డకు అన్నము పెట్టువారు చదువగల భాషలోనికి ఎవరు మార్చుదురో, ఆ ముగ్గురు కూడిన నాడే తేల్చుకొనవలసియున్నది.