యాక్సిడెంటా, ప్రమాదమా?

భూస్థాపన ముగిశాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "యాక్సిడెంటు ఫాదర్, ఎవరేం చేస్తారు?" అన్నారు. లారీ నడిపినవాడు తాగి ఉన్నాడని ఊరందరికీ తెలుసు.

ఆ ఆంగ్లపదం లాటిను నుంచి వచ్చింది. మీద వచ్చి పడినది అని అర్థం. మొక్క నాటడానికి గొయ్యి తవ్వినవాడికి నిధి దొరకడం అరిస్టాటిల్ చెప్పిన ఉదాహరణ, సెమినరీలో బట్టీపట్టాం. తవ్వినవాడు నిధిని కోరనూ లేదు, ఊహించనూ లేదు. తాగి లారీ ఎక్కినవాడి సంగతీ అంతేనా? ఒకరి ప్రాణం తీయాలని అతడు కోరి ఉండడు, నిజమే. ఊహించగలడు గదా!

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పుటల్లో ఈ మాట వాడరాదని నిర్ణయించింది. గాయాలూ వాటి కారణాలూ చాలావరకు ముందే ఊహించి నివారించదగినవని వారి వాదన.

మనం అంత దూరం పోనక్కరలేదు. ప్రమాదం అనే సంస్కృత పదానికి అసలు అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. దాని ధాతువుకు మత్తెక్కడమనే అర్థమూ ఉంది. ఇదంతా పెద్దాయనకు చెప్పలేదు, అది సమయం కాదు.

ఆదివారం పూజలో చదవవలసిన చీటీలో మాత్రం "యాక్సిడెంటులో" అన్నది కొట్టేసి "ప్రమాదంలో మరణించిన" అని రాసుకున్నాను. తేడా ఎవరూ గమనించినట్టు లేదు.