పాత ఫోనుకు తలుపు మూయవచ్చునా?

శాలిబండ నుండి చాంద్రాయణగుట్ట వరకు పాతబస్తీలో ఏ గల్లీలోకి వెళ్ళినా ఒక చిన్న దుకాణము కనిపిస్తుంది. బయట ‘మీ సేవ’ అనో, ‘ఆన్‌లైన్ పనులు చేయబడును’ అనో బోర్డు. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆదాయ ధ్రువపత్రము, కరెంటు బిల్లు, పిల్లల పరీక్షా ఫలితాలు అన్నీ అక్కడే. ఆ కుర్చీలలో కూర్చున్నవారిలో చాలామంది చేతిలో ఫోను ఉంటుంది, ఆ ఫోనులో ఇంటర్నెట్టు కూడా ఉంటుంది. మరి ఇంట్లోనే చేసుకోగల పనికి డబ్బిచ్చి ఇక్కడ ఎందుకు వేచి ఉన్నారు? చదువు రాక కొందరు, తప్పు నొక్కుతామేమోనన్న భయముతో కొందరు. మరి కొందరి కారణము వేరు. వారి ఫోనులో ఆ పుట తెరుచుకోదు. తెల్లని తెర ఒకటి వస్తుంది. లేదా ‘మీ బ్రౌజరు పాతది, కొత్తది వేసుకొనండి’ అన్న మాట వస్తుంది.

బ్రౌజరు అంటే వెబ్‌సైటును మనకు తెరిచి చూపించే ప్రోగ్రాము. వెబ్‌సైటు తయారుచేసేవారు ఏటేటా కొత్త పద్ధతులు వాడుతుంటారు. పాత బ్రౌజరుకు ఆ పద్ధతులు తెలియవు. దానిని కూడా దృష్టిలో పెట్టుకొని పని చేయాలంటే అదనపు శ్రమ, అదనపు ఖర్చు. కాబట్టి ఒక రోజున యజమాని ‘ఇక పాతవారి సంగతి చూడము’ అంటాడు. ఇది సాంకేతిక నిపుణులు తేల్చుకోవలసిన విషయమని మనము పక్కన పెట్టేస్తాము. కాని ప్రియ పాఠకులారా, ఒక మనిషిని గుమ్మము బయట నిలబెట్టే నిర్ణయము ఏదైనా నైతిక ప్రశ్నే.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. పాత బ్రౌజరు వాడేవాడు బద్ధకస్తుడనీ, ఒక మీట నొక్కితే కొత్తది వస్తుందనీ అనుకుంటాము. చాలా ఫోనుల విషయములో అది నిజము కాదు. తయారీదారు కొన్నేళ్ళు మాత్రమే కొత్త రూపాలు పంపి ఆపేస్తాడు. ఫోను పని చేస్తూనే ఉంటుంది, మాటలు వినబడుతూనే ఉంటాయి, లోపలి ప్రోగ్రాము మాత్రము ఆనాటి దగ్గరే నిలిచిపోతుంది. ఇంకా వింత ఒకటి చూడండి. 2017లో 1500 రూపాయల డిపాజిట్టుతో జియో ఫోను వచ్చింది. బీద ఇళ్ళలోకి ఇంటర్నెట్టును తీసుకొని వెళ్ళిన ఫోను అది. దాని కై ఓఎస్ రెండో తరములోని బ్రౌజరుకు ఆధారము 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48. అంటే డబ్బు కూడబెట్టి కొత్త ఫోను కొన్న తల్లికి మొదటి రోజునే పాత బ్రౌజరు దక్కింది. ‘కొత్తది వేసుకొనండి’ అని ఆమెకు చెప్పడము, చెప్పులు లేనివానితో కారు ఎక్కి రమ్మని చెప్పడము వంటిదే. స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ పాపుగారు 2015 నాటి ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో వస్తువులను పారవేసే సంస్కృతిని గూర్చి హెచ్చరించారు. ఫోను చెడిపోక మునుపే దానిని చెత్తగా మార్చేది తరచు ఇటువంటి నిర్ణయాలే.

ఇంతవరకు చదివి, ‘అయితే ఏ తలుపూ మూయరాదు’ అని తేల్చేయకండి. సంగతి అంత సులభము కాదు.

2014 అక్టోబరులో ‘పూడిల్’ అనే లోపము బయటపడింది. బ్యాంకు పుటకు, మన బ్రౌజరుకు మధ్య నడిచే సమాచారానికి ఒక తాళము ఉంటుంది. కొత్త తాళాలు వచ్చినా, పాత బ్రౌజర్ల కోసము చాలా వెబ్‌సైట్లు 1996 నాటి పాత తాళాన్ని కూడా అలాగే ఉంచాయి. దారిలో పొంచి ఉన్న దొంగ, కొత్త బ్రౌజరును సైతము ఆ పాత తాళానికి దిగజార్చి లోపలి రహస్యాలు చూడగలడని అప్పుడు తేలింది. పాతవారి కోసము దయతో తెరిచి ఉంచిన పెరటి తలుపు గుండా దొంగ ఇల్లంతటిలోకి వచ్చాడన్నమాట. ఇటువంటి చోట తలుపు మూయడము క్రూరత్వము కాదు. ఇంటివారందరి పట్ల బాధ్యత అది.

మన తెలుగు చరిత్రలోనే ఇంకొక పాఠమున్నది. 2000 సంవత్సరము తరువాతి తొలి రోజులలో ‘ఈనాడు’తో సహా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లతో నడిచేవి. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దక్కినా, విండోస్ 98 ఉన్న కంప్యూటర్లలో ఆ అక్షరాలు సరిగా కనబడే ఏర్పాటు లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పి ‘గౌతమి’ ఫాంటుతో వచ్చిన తరువాతనే ఆ దారి తెరుచుకొన్నది. పత్రికలవారి ఉద్దేశము మంచిదే, పాత కంప్యూటరు ఉన్న పాఠకుణ్ణి వదులుకోరాదు. కాని సొంత ఫాంటులో ఉన్న తెలుగును వెతికే యంత్రాలు గుర్తించలేవు, చూపులేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాములు చదవలేవు. ఆ పుటలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప సరిగా కనబడేవి కావు. ఫైర్‌ఫాక్స్ వాడేవారు ‘పద్మ’ అనే పొడిగింపు వేసుకొని ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చుకొని చదువుకొనేవారు. ఒక వర్గము పాఠకులను కాపాడబోయి మరొక వర్గాన్ని బయట ఉంచినట్లయింది. యూనికోడ్‌కు మారినపుడు కొందరు పాత కంప్యూటర్లవారు ఇబ్బంది పడి ఉంటారు. అయినా ఆ మార్పు న్యాయమైనదేనని నా అభిప్రాయము. రెండవ వాటికన్ మహాసభ తరువాత పూజ లతీను నుండి తెలుగులోకి మారినపుడు కొందరు పెద్దల మనసు నొచ్చుకొన్నది. కాని ఆ మార్పు వల్ల లోపలికి వచ్చినవారు ఎందరో. మార్పు ఎవరి కోసము జరుగుతున్నదన్నది అడగవలసిన మొదటి ప్రశ్న.

లోపలివారి వసతి కోసమే జరిగే మార్పులు కూడా ఉన్నాయి. 2012లో కోగన్ అనే ఆస్ట్రేలియా దుకాణము ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7లో కొనుగోలు చేసేవారిపై 6.8 శాతము ‘పన్ను’ వేసింది. ఆ బ్రౌజరు పుట్టి 68 నెలలైనది కాబట్టి నెలకు 0.1 శాతమట! అందరూ నవ్వుకొన్నారు. టీవీలూ కెమెరాలూ అమ్మే దుకాణానికి అటువంటి చమత్కారము చెల్లుతుంది, ఇష్టము లేనివాడు పక్క దుకాణానికి పోతాడు. ఆదాయ ధ్రువపత్రానికి పక్క దుకాణము ఎక్కడున్నది? రేషను కార్డుకు మరొక ప్రభుత్వమున్నదా?

ఇక్కడే న్యాయానికి, దయకు మధ్య గీత కనబడుతున్నది. పొలము కోసేటపుడు అంచుల వరకు కోయవద్దని, పరిగెను బీదలకు, పరదేశులకు వదిలిపెట్టమని లేవీయ కాండము ఆజ్ఞాపించింది. రూతు బోవజు పొలములో ఏరుకొన్నది ఆ పరిగెనే. అది యజమాని దయతో పెట్టిన భిక్ష కాదు, చట్టము ఆమెకిచ్చిన హక్కు. సామాజిక సమాచార సాధనాల పోంటిఫికల్ మండలి 2002లో ఇంటర్నెట్టు నీతి మీద వెలువరించిన పత్రము, ఈ సాధనము ఉన్నవారికి, లేనివారికి మధ్య అగాధాన్ని ధనిక బీద వివక్షగా లెక్కించింది. 2025 ఏప్రిల్ 30న మన సుప్రీంకోర్టు, యాసిడ్ దాడికి గురైనవారు, చూపులేనివారు వేసిన కేసులలో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడము రాజ్యాంగము 21వ అధికరణము ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి చూపితేనే గుర్తింపు ముగుస్తుందంటే, యాసిడ్ వల్ల కళ్ళు పోయినవారు ఏమి ఆర్పుతారు? పాత ఫోను గురించిన కేసు కాదది. అయినా గుమ్మము బయట నిలబడినవారి వరుస ఒకటే.

అయితే ఎంతకాలము మోయాలి? శాశ్వతముగానా? ఈ విషయములో నాకు బాగా నచ్చిన సంఘటన 2020లో జరిగింది. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అనే లాభాపేక్ష లేని సంస్థ కోట్లాది వెబ్‌సైట్లకు ఉచితముగా భద్రతా ధ్రువపత్రాలు ఇస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోనులకు ఆ సంస్థ సంతకము తెలియదు. అందుకని ఐడెన్‌ట్రస్ట్ అనే పాత సంస్థ జామీను సంతకముతో పని నడిచేది. ఆ జామీను గడువు 2021 సెప్టెంబరులో తీరుతుంది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటె పాత ఫోనులు, అంటే ఆనాటి ఆండ్రాయిడ్ ఫోనులలో మూడో వంతు, ఆ వెబ్‌సైట్లను తెరవలేవని 2020 నవంబరులో ప్రకటించారు. తప్పు వారిది కాదు, ‘మేమేమి చేయగలము’ అని ఊరుకోవచ్చును. కాని నెల తిరిగేసరికి ఒక దారి కనుగొన్నారు. పాత ఆండ్రాయిడ్ ఫోను తన దగ్గరున్న మూల ధ్రువపత్రము గడువు తీరిందా లేదా అని చూడదు. కాబట్టి ఐడెన్‌ట్రస్ట్ మరి మూడేళ్ళకు జామీను ఇవ్వడానికి ఒప్పుకొన్నది. ఆ మూడేళ్ళలో ఎందరో ఫోనులు మార్చుకొన్నారు, కొత్త సంతకాన్ని గుర్తించే ఆండ్రాయిడ్ ఫోనులు 66 నుండి సుమారు 94 శాతానికి పెరిగాయి. 2024లో ఆ ఏర్పాటును ముగించారు.

లూకా సువార్త 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టు గుర్తుకు రావడము లేదా? మూడేళ్ళుగా పండు లేదని యజమాని నరికివేయమంటాడు. తోటమాలి ఒక్క ఏడాది గడువు అడుగుతాడు. ఊరికే అడగడు, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానంటాడు. ఆ తరువాత కూడా ఫలించకపోతే నరకవచ్చునని తానే ఒప్పుకొంటాడు. గడువు, ఆ గడువులో కొంత శ్రమ, ఆ తరువాత ముగింపు. వెబ్‌సైటు యజమాని నుండి న్యాయము కోరేది ఇంతకన్న ఎక్కువ కాదనుకొంటాను. మిగిలిన ఆ ఆరు శాతము మాటేమిటి అని ఎవరైనా అడిగితే, ప్రశ్న సరైనదే. వారి కోసము వేరొక తలుపు ఉండాలి.

అటువంటి తలుపులు మన దగ్గర లేకపోలేదు. కరోనా కాలములో, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణలో బడిపిల్లలకు పాఠాలు మొదలుపెట్టినపుడు వాటిని దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా టీవీలో కూడా చూపించారు. స్మార్ట్‌ఫోను లేని ఇంట్లోనూ టీవీ ఉండవచ్చునన్న ఇంగితము అది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మామూలు బటన్ ఫోనుల కోసము ‘యూపీఐ 123 పే’ ప్రారంభించింది. మీ సేవ దుకాణములోని కుర్రవాడు కూడా ఒక తలుపే. కాకపోతే ఆ తలుపు రుసుము అడుగుతుంది, ఒక్కొక్కసారి సగము రోజు కూలి కూడా తింటుంది. ప్రభుత్వ పుట తేలికగా, పాత ఫోనులోనూ తెరుచుకొనేటట్లు కట్టి ఉంటే ఆ డబ్బు ఆ ఇంట్లోనే మిగిలేది. అలా కట్టడము అసాధ్యమేమీ కాదు. ముఖ్యమైన అక్షరాలు, నింపవలసిన గడులు అన్ని బ్రౌజర్లలో కనబడేటట్లు ముందు పెట్టి, హంగులు పైన చేర్చడము చాలాకాలముగా తెలిసిన పద్ధతే. హంగులు కనబడకపోతే ఎవరి పనీ ఆగదు.

మన విచారణల పుటల సంగతి కూడా చూద్దాము. పూజ వేళలు, జ్ఞానోపదేశము తరగతుల వివరాలు, పండుగ నవదిన ప్రార్థనల పట్టిక చాలాచోట్ల పెద్ద రంగుల బొమ్మలుగానో వీడియోగానో పెడుతున్నారు. చూడడానికి అందముగా ఉంటాయి. పాత ఫోనులో అవి రావడానికి చాలాసేపు పడుతుంది, కొన్నిటిలో రానే రావు, చూపు తగ్గినవారి ఫోను వాటిని చదివి వినిపించలేదు. అదే సమాచారము నాలుగు వరుసల అక్షరాలలో పెడితే ఏ ఫోనైనా చూపిస్తుంది. వచ్చే ఆదివారము పూజ తరువాత మీ ఇంట్లో అన్నిటికంటె పాత ఫోనులో మీ విచారణ పుట తెరిచి చూడండి. సాయంకాలపు పూజ ఎన్ని గంటలకో అందులో కనబడకపోతే, ఆ పుటను చూసుకొనే యువకునికి చెప్పండి. కసరకండి, చాలామంది ఆ పని జీతము లేకుండా, రాత్రి చదువు ముగించుకొని చేస్తున్నారు.