ముసలితనమా, రోగమా?

ముసలితనం తప్ప మందు లేని రోగం లేదని, కనుక వైద్యం చేయించుకోమని మహాప్రవక్త (స) ఉపదేశించారు. ఈ హదీసును మనం సగమే వింటున్నాం. నడుము వంగితే చాలు, 'వయసు మీదపడింది, అల్లాహ్ రాత' అని ఊరుకుంటున్నాం.

అసలు వార్ధక్యం ఎందుకొస్తుంది? మానవ కణాలు ప్రయోగశాలలో సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపాడు. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల కొసలు కాస్త అరుగుతాయి. జన్యువులకు తగిలే దెబ్బలను శరీరం సరిచేసుకుంటూనే ఉంటుంది గాని, ఏళ్లు గడిచేకొద్దీ ఆ పని మందగిస్తుంది. ఇది నవాబుకూ తప్పదు, ఫకీరుకూ తప్పదు.

కాని మన వినుకొండ దాటి దర్శి, పొదిలి వైపు చూడండి. అక్కడ నడివయసులోనే నడుము వంగినవారిని కుంగదీసింది వయసు కాదు, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. అది ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను కర్రలా అవుతుంది. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే వైద్యులు ఈ సంగతి ప్రకటించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. వంగిన నడుము మళ్లీ నిలబడడం కష్టమే. నీరు మారిస్తే పిల్లల ఎముకలైనా దక్కుతాయి.

మరి తఖ్దీర్ మాటేమిటంటారా? సిరియాలో ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక విధి నుంచి మరో విధి వైపే వెళుతున్నామన్నారు.

మసీదు బోరు నీళ్లతో వుజూ చేస్తాం, దాహమైతే అవే తాగుతాం. సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి, ఫ్లోరైడ్ ఎంతుందో అడిగిన కమిటీలు మనలో ఎన్ని?